కింద అద్దం, పైన చేవ

ఇంగ్లండులో పాత ఊళ్ళ బజారువీధిని హైస్ట్రీట్ అంటారు. ఆ వీధిలో నడిచేవాళ్ళ చూపు దుకాణం అద్దాల దగ్గరే ఆగిపోతుంది. భవనం వయసు తెలియాలంటే మాత్రం తల ఎత్తాలి. కింది అంతస్తుని ఏ కాలపు వ్యాపారి ఆ కాలానికి తగ్గట్టు పగలగొట్టి కట్టుకున్నాడు. పైభాగం సరుకు దాచుకోవడానికో అద్దెకివ్వడానికో పనికొస్తే చాలనుకుని వదిలేశారు. అందుకే 1450ల నాటి ఓక్ దూలాలు, వాటి కింద విక్టోరియా కాలపు అద్దం, ఆ పైన మొన్న బిగించిన ప్లాస్టిక్ బోర్డు ఒకే ముఖంలో కనిపిస్తాయి. ఈ కొయ్య చట్రపు దుకాణాలకి వచ్చే జబ్బులు చాలావరకు రెండు చోట్ల మొదలవుతాయి: కొత్త కింది భాగం పాత పైభాగాన్ని కలిసే గీత దగ్గర, చట్రం నేలని తాకే గీత దగ్గర. మిగతా భవనం చూపులకి వంకరగా ఉన్నా గట్టిదే.

మార్పులు తక్కువగా జరిగిన దుకాణం ఎలా ఉంటుందో చూడాలంటే వేల్స్ సరిహద్దు దగ్గరున్న ష్రూస్‌బరీ ఊరికి వెళ్ళాలి. అక్కడ బుచర్ రో అనే సన్న వీధి మూలలో అబ్బాట్స్ హౌస్ ఉంది. దాని కలప కొట్టింది 1450ల చివర్లోనని చెట్టు వలయాల లెక్కలో తేలింది. మూడు అంతస్తులు, ఒక్కో అంతస్తు కిందిదానికంటే వీధిలోకి ముందుకు జరిగి ఉంటుంది. కింద దుకాణాల కిటికీ చట్రాలు, వాటి వెడల్పాటి గట్లు ఇంకా ఉన్నాయి. ఆ గట్టు అలంకారం కాదు, అదే కౌంటరు. అప్పట్లో దుకాణానికి అద్దం లేదు. చెక్క తలుపుని కిందికి వాలిస్తే సరుకు పెట్టే బల్ల, పై తలుపుని పైకెత్తితే వాననుంచి కాపాడే చూరు. కొనేవాడు వీధిలో నిలబడే కొనేవాడు, లోపలికి వచ్చే పనే లేదు.

ఇక కలప సంగతి. ఓక్‌ని కొట్టిన కొద్ది నెలలకే, పచ్చిగా ఉండగానే చట్రానికి వాడేవారు. ఎండితే ఉలికి లొంగదు. దళసరి కలప ఆరడానికి అంగుళానికి ఏడాది అని అక్కడి వాళ్ళ ఉజ్జాయింపు లెక్క. అంటే 200 మి.మీ. దూలం ఆరాలంటే ఎనిమిదేళ్ళు. అంతకాలం ఎవరాగుతారు? భవనం నిలబడ్డాకే దూలం ఆరుతుంది, ఆరుతూ కుంచించుకుపోతుంది. పొడవులో తగ్గేది దాదాపు ఏమీ లేదు. అడ్డంగా మాత్రం వలయాల దిశని బట్టి 4 నుంచి 8 శాతం, అంటే ఆ 200 మి.మీ. దూలం 8 నుంచి 16 మి.మీ. సన్నబడుతుంది. గుంజకీ పక్కనున్న మట్టిగోడకీ మధ్య ఈదురుగాలి దూరే సందు ఇలా పుట్టిందే. దూలం పొడవునా కనిపించే నెర్రెలూ ఇలా వచ్చినవే. వాటిని చూసి కంగారుపడి రెసిన్ పోసి నింపేవాళ్ళున్నారు. నెర్రె చేవ పొడవునా నిలువుగా సాగినంతవరకు దూలం బలానికి లోటు లేదు. నింపితే లోపలికి పోయిన నీరు బయటికి రాదు, నష్టం అక్కడ.

చట్రాన్ని స్థలం మీద కట్టరు. వడ్రంగి తన ఆవరణలో ఒక్కో గోడని నేలమీద పడుకోబెట్టి, గుంజలూ దూలాలూ ఒకదాని మీద ఒకటి పేర్చి, ఏ కర్ర ఎలా వంకరగా ఉందో ఆ వంకర ప్రకారమే అతుకులు గీసి కోసేవాడు. అందుకే ఒక గుంజ ఇంకో గుంజ స్థానంలో ఇమడదు. తరవాత ప్రతి అతుకు మీదా రోమన్ అంకెలు ఉలితో గీసి, విప్పి, బండికెక్కించి, స్థలంలో మళ్ళీ నిలబెట్టేవాడు. నాలుగుకి నాలుగు గీతలు, తొమ్మిదికి వి పక్కన నాలుగు గీతలు వేసేవారు. తొమ్మిదిని IX అని గీస్తే, దుంగ తిరగబడినప్పుడు అది పదకొండులా (XI) కనిపిస్తుంది మరి. ఈ అంకెలు వరుసలో ఉన్నాయంటే ఆ గోడ మొదటినుంచీ అక్కడిదే. మధ్యలో ఒక అంకె తప్పితే ఆ కర్ర పోయింది, లేదా వేరేచోటి పాత కలప వచ్చి చేరింది.

అతుకుని దగ్గరగా చూస్తే ఈ పనివాళ్ళ తెలివి తెలుస్తుంది. మన వడ్రంగులు కుసి అంటారే, ఆ నాలుకని ఎదుటి కర్రలోని బెజ్జంలో దూర్చి, రెండిటి గుండా అడ్డంగా చెక్క చీల కొడతారు. కిటుకంతా రంధ్రాల్లో ఉంది. కుసిలోని రంధ్రాన్ని బెజ్జం రంధ్రానికి సూటిగా వెయ్యరు, భుజం (కుసి మొదట్లోని మెట్టు) వైపు రెండు మూడు మి.మీ. జరిపి వేస్తారు. మొన సన్నగా చెక్కిన ఎండు ఓక్ చీలని సుత్తితో దిగగొట్టినప్పుడు అది వంగుతూ కుసిని లోపలికి లాగి భుజాన్ని బిగిస్తుంది. పచ్చి కలప ఏళ్ళ తరబడి కుంచించుకున్నా బిగువు సడలదు. చీల తల బయటికి పొడుచుకుని ఉంటే అందంగా లేదని కోసేస్తుంటారు. అవసరమైతే ఇంకో దెబ్బ వేసి బిగించడానికే దాన్ని అలా వదిలింది. మరమ్మతులో బజారులో దొరికే గుండ్రటి డోవెల్ కర్ర వాడితే ఇంకో తప్పు. రంపంతో కోసిన డోవెల్‌లో పీచు మధ్యలోనే పక్కకి తప్పిపోతుంది, వంగగానే విరుగుతుంది. చీల్చిన చెక్కనుంచి చెక్కిన చీలలో పీచు చివరంటా ఉంటుంది.

ఈ చట్రం ఎంత గట్టిదో ఎక్సెటర్‌లో ఒక ఇల్లు రుజువు చేసింది. 1961లో కొత్త రోడ్డుకి అడ్డమొచ్చిందని ఆ మధ్యయుగపు మూల ఇంటిని, 20 టన్నులకు పైగా బరువున్నదాన్ని, చుట్టూ కర్రలతో కట్టుదిట్టం చేసి చక్రాల మీదికెక్కించి, పట్టాల మీద ఎగువకి లాగి వేరేచోట దింపారు. ఇప్పుడు ఊరంతా దాన్ని నడిచిన ఇల్లు అనే పిలుస్తుంది. ఇటుక గోడతో ఈ పని ఊహించండి.

పై అంతస్తు ముందుకి పొడుచుకు రావడాన్ని జెట్టీ అంటారు. కింది గోడ తలదూలం మీదుగా పట్టెలు 45 నుంచి 60 సెం.మీ. దాకా వీధిలోకి చాచి ఉంటాయి. వాటి కొసల మీద బ్రెస్సమర్ అనే పెద్ద అడ్డదూలం, దాని మీద పై గోడ. రెండు వీధుల మూలలో ఉంటే రెండు వైపులా చాచాలి కాబట్టి లోపలినుంచి మూలకి ఏటవాలుగా ఒక దూలం పరుస్తారు. దాన్ని డ్రాగన్ బీమ్ అంటారు, దాన్ని మోసే మూలగుంజ మీదే సాధారణంగా చెక్కడం పని ఉంటుంది. యార్క్‌లో గుడ్రంగేట్ వీధిలోని లేడీ రో 1316 నాటిది, జెట్టీ ఉన్న వాటిలో ఇప్పటికీ నిలిచిన అతి పాత వరసల్లో ఒకటి. జెట్టీ ఎందుకు పెట్టారంటే నేలమీది జాగా పన్ను ఎగ్గొట్టడానికని గైడ్లు చెబుతుంటారు. దానికి నమ్మదగ్గ ఆధారం లేదు. పైన చోటు పెరుగుతుంది, కింద తెరిచిపెట్టిన సరుకు మీద వాన పడదు, రెండంతస్తుల ఎత్తు గుంజలు వెతుక్కునే పని తప్పుతుంది, వీధిలో డాబూ కనిపిస్తుంది. ఈ కారణాలు చాలవా?

పై అంతస్తు నేల ఊగుతోందనే ఫిర్యాదు కూడా ఇక్కడిదే. పాతకాలంలో పట్టెల్ని వెడల్పు కిందికి వచ్చేలా పడుకోబెట్టారు. 200 మి.మీ. వెడల్పు, 150 మి.మీ. లోతు ఉన్న పట్టెని నిలబెడితే దాని బిగువు దాదాపు 1.8 రెట్లు అవుతుంది. ఈ తెలివి తరవాతి శతాబ్దాల్లో వచ్చింది. కాబట్టి 15వ శతాబ్దపు నేల కొంచెం ఊగడం జబ్బు కాదు. దాని మీద కాంక్రీటు పోసి గట్టిచేద్దామనుకోవడం జబ్బు.

1666లో లండన్ కాలిపోయాక, 1667 చట్టం అక్కడ బయటిగోడలు ఇటుకతోనో రాతితోనో కట్టాలంది. మిగతా ఊళ్ళలో చట్టం కంటే ఫ్యాషన్ పని చేసింది. చట్రాన్ని గారతో కప్పేశారు, లేదా ముందు సన్నటి ఇటుక పొర నిలబెట్టారు. లూయిస్, కాంటర్బరీ లాంటి ఊళ్ళలో అచ్చం ఇటుకలా కనిపించే పెంకుల్ని చట్రానికి మేకులతో కొట్టారు. అందుకే బయటికి జార్జియన్ కాలపు (18వ శతాబ్దం నాటి) మేడలా కనిపించే దుకాణం లోపల రెండు మూడు వందల ఏళ్ళు పాతది అయ్యుండొచ్చు. గుర్తుపట్టడానికి పక్క సందులోకి వెళ్ళి చూడండి, పక్కగోడకి ఎవరూ డబ్బు పెట్టరు. మొదటి అంతస్తు కిటికీ దగ్గర గోడ మందం కొలవండి. మరీ సన్నగా ఉండి, నేల వీధివైపు వాలి, ముఖం దుకాణం పైన ఒక్కసారిగా ముందుకి జరిగి ఉంటే లోపల జెట్టీ ఉన్నట్టే.

లోపల దూలాల అడుగుభాగం చదవడం ఇంకా సరదా. ఖాళీ బెజ్జం ఉందంటే అక్కడో కర్ర ఉండేది, తీసేశారు. పక్కన చీల రంధ్రం కూడా ఉంటే అది గోడలోని నిలువు పట్టె. చీల రంధ్రం లేకుండా వజ్రం ఆకారంలో చిన్న గుంటలు వరసగా ఉంటే అది అద్దంలేని పాత కిటికీ, ఆ గుంటల్లో చెక్క ఊచలు ఉండేవి. వాటి పక్కన పొడవాటి గాడి కనిపిస్తే జరిపే తలుపు ఉండేదని అర్థం.

అసలు దెబ్బ 19వ శతాబ్దంలో పడింది. 1845లో గాజు మీద పన్ను ఎత్తేశారు, పెద్ద అద్దం చౌకయింది. ప్రతి వ్యాపారికీ ముఖమంతా అద్దం కావాలి. అద్దానికి అడ్డొచ్చిన కింది గుంజల్ని కోసేసి, గోడనుంచి గోడకి ఒక్క పైన్ దూలాన్నో ఇనుప దూలాన్నో వేసి, మధ్యలో సన్నటి పోత ఇనుప స్తంభం నిలబెట్టారు. గుంజలతో పాటు వాటికి ఆనించిన ఏటవాలు కర్రలూ పోయాయి. బరువు సంగతి దూలం ఎలాగో చూసుకుంటుంది. చట్రం పక్కకి ఒరగకుండా ఆపేది మాత్రం ఆ ఏటవాలు కర్రలే. అవి పోతే కింది అంతస్తు అగ్గిపెట్టె తొడుగులా పక్కకి ఒరుగుతుంది, వరసలో ఉంటే పక్కవాడి మీద వాలుతుంది. వాలు కనపడగానే ఇంజనీరుని పిలిచి ఉక్కు చట్రం వేయించెయ్యాలని లేదు. ఆ వాలు వందేళ్ళ కిందే ఆగిపోయిందా, ఇప్పటికీ సాగుతోందా అన్నది తేలాలి. పగులు అంచులు తాజాగా, పదునుగా ఉంటే కొత్తది. అంచుల్లోకి దుమ్మూ పాత రంగూ చేరి ఉంటే పాతది. పగులుకి రెండువైపులా గుర్తులు బిగించి కనీసం ఏడాది పాటు, అన్ని రుతువుల్లోనూ కొలవాలి. శీతాకాలపు కొలతకీ ఎండాకాలపు కొలతకీ తేడా కలప చెమ్మ వల్లే వస్తుంది, దాన్ని కదలిక అనుకోకూడదు.

విక్టోరియా కాలపు దుకాణం ముఖంలో అద్దం కింద స్టాల్‌రైజర్ అనే పొట్టిగోడ, రెండు పక్కలా పిలాస్టర్లు అనే గోడకంటిన చదును స్తంభాలు, వాటి తలమీద చెక్కిన బ్రాకెట్లు, మధ్యలో పేరు రాసే ఫేసియా పలక, దాని మీద కార్నిస్ అనే ముందుకి పొడుచుకొచ్చిన అంచు ఉంటాయి. కార్నిస్ మీద సీసపు రేకు పరిచి, దాని వెనక అంచుని పైకి మడిచి గోడ గార వెనక్కి పంపాలి. భవనం మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించే చోటు ఇదే. రేకుని ఒక్క ముక్కలో 1.5 మీటర్లకి మించి పొడుగు వెయ్యకూడదు. ఎండకి సాగి, చలికి ముడుచుకుని అలసిపోయి చీలుతుంది. ఒకే ముక్కలో ఆరు మీటర్లు వేస్తే అతుకుల ఖర్చు మిగిలిందనుకుంటారు, కొన్నేళ్ళకి ఆ చీలికలోనుంచి నీరు ఫేసియా వెనక్కి దిగి జెట్టీ బ్రెస్సమర్ మీద నిలుస్తుంది. ముందు కొత్త రంగు పలక మెరుస్తూ ఉంటుంది, వెనక పట్టెల కొసలు పుచ్చిపోతుంటాయి. బోర్డు దీపాల తీగకోసం వేసిన రంధ్రాలు, పాత ఫేసియా మీదే ఇంకో ఫేసియా కొట్టడం కూడా ఇదే పని చేస్తాయి. పాత పలక తీసేటప్పుడు మాత్రం ఆగి చూడండి, కింద పాత వ్యాపారి పేరు చేతిరాతలో ఉండొచ్చు.

రెండో గీత నేల దగ్గరిది. చట్రం మొత్తం ఒక అడుగుదూలం మీద, ఆ దూలం రాతి పీఠం మీద కూర్చుంటుంది. కట్టినప్పుడు అది వీధికి ఎత్తులో ఉండేది. తారు మీద తారు, రాయి మీద రాయి పడి వీధి పెరిగింది, దూలం మునిగింది. ఆ పైన సిమెంటు పూత, స్టాల్‌రైజర్‌కి టైల్స్. సున్నపు గారలో చెమ్మ వచ్చిన దారినే పోతుంది. సిమెంటుకి సన్నటి పగులు చాలు నీరు లోపలికి పోవడానికి, బయటికి పోయే దారి మాత్రం ఉండదు. కలపలో చెమ్మ 20 శాతం దాటి అలాగే నిలిస్తే బూజు కుళ్ళు మొదలవుతుంది. కుళ్ళు మెత్తబరిచిన ఓక్‌లోకి డెత్‌వాచ్ అనే పురుగు దిగుతుంది. దాని రంధ్రాలు సుమారు 3 మి.మీ. ఉంటాయి. 1, 2 మి.మీ. రంధ్రాలైతే మామూలు పురుగు, అది చేవ జోలికి పోదు, పైనున్న తెల్లచెక్కతో సరిపెట్టుకుంటుంది. మందు కొట్టించే ముందు చెమ్మ ఆపండి. పొడిబారిన చేవలో పురుగు ఎక్కువ కాలం నిలవదు. పరీక్షకి పెద్ద సాధనాలు అక్కర్లేదు. సన్నటి కదురు లాంటిది తీసుకుని గుంజ మొదట్లో గుచ్చండి. మంచి చేవలో రెండు మూడు మి.మీ. మించి దిగదు.

మరమ్మతులో వరస తప్పితే డబ్బు రెండింతలవుతుంది. ముందు నీటి దారి మూయాలి. తరవాత ప్రతి గుంజకీ దూలానికీ అంకెవేసి కొలతల బొమ్మ గీయాలి. ఆపైన జాక్ స్తంభాలు పెట్టి పై బరువుని పట్టుకోవాలి. పట్టుకోవడమే, ఎత్తడం కాదు. నాలుగొందల ఏళ్ళుగా 50 మి.మీ. కిందికి దిగిన చట్రాన్ని రసమట్టానికి తెద్దామని ఎత్తితే పైన ఎక్కడో బిగిసి ఉన్న కుసులు విరుగుతాయి. తరవాత కుళ్ళిన భాగాన్ని గట్టి చేవ వచ్చేదాకా కోసి, ఆ కొసకి కొత్త ఓక్ ముక్కని పొడుగాటి మెట్టు అతుకుతో కలపాలి. అడ్డంగా సూటిగా కోసి అతికిస్తే ఆ అతుకు దేన్నీ మొయ్యదు. అడుగుదూలం మార్చేటప్పుడు గుంజల్ని పైకెత్తి కుసిని దూర్చే వీలుండదు కాబట్టి, గుంజ మొదట్లో గాడి కోసి పక్కనుంచి విడి కుసిని జొనపాలి. దూలాన్నీ ఒక్కసారిగా కాకుండా ముక్కలుగా మార్చాలి. మేకులు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి. ఓక్‌లోని టానిక్ ఆమ్లం మామూలు ఇనుముని తినేస్తుంది, చుట్టూ కలప నల్లబడుతుంది. చిన్న అతుకులకి ఆరిన ఓక్ ఉండాలి, పచ్చిది పెడితే ఏడాదిలో అంచు సందు ఇస్తుంది.

గుంజల మధ్య గోడ మనకి కొత్తేమీ కాదు. తడిక కట్టి మట్టి మెత్తడమే. పై దూలంలో రంధ్రాలు, కింది దూలంలో గాడి ఉంటాయి. చీల్చిన ఓక్ పుల్లల్ని పైన దూర్చి కింద గాడిలో జరిపి నిలబెడతారు, వాటి మధ్య హేజెల్ కొమ్మలు అల్లుతారు. రెండు వైపులనుంచి ఇద్దరు ఒకేసారి మట్టి కొడితేనే మధ్యలో పట్టు దొరుకుతుంది. మట్టిలో ఇసుక, గడ్డి, పేడ. పాత మట్టిని పారెయ్యొద్దు. పగలగొట్టి నానబెట్టి, కొత్త గడ్డి వేసి తొక్కితే మళ్ళీ అదే గోడ అవుతుంది. ఆరేటప్పుడు అంచుల్లో విడితే కొన్నాళ్ళకి మళ్ళీ అదమాలి. మన పాత మేడల సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు పడితే, అక్కడి సున్నంలో పశువుల వెంట్రుకలు పడతాయి. పైపూత గుంజ ముఖానికి సమంగానో, ఒక పిసరు లోపలికో ఉండాలి. బయటికి ఉబ్బితే ఆ అంచు మీద వాననీరు నిలిచి నేరుగా గుంజలోకి పోతుంది. ఆఖర్న పాలలా పల్చటి సున్నం నాలుగైదు పూతలు. చలి 5 డిగ్రీలకి దిగే రోజుల్లో ఈ పని పెట్టుకోకూడదు. గుంజకీ మట్టికీ మధ్య సిలికాన్ కొట్టడం గురించి ఇక చెప్పక్కర్లేదు.

నల్ల గుంజలు, తెల్ల గోడలు అనే ముఖం పాతకాలపుది అనుకుంటాం. చాలాచోట్ల అది విక్టోరియా కాలపు అభిరుచి. ఓక్‌ని అలాగే వెండి బూడిద రంగుకి వదిలేవారు, లేదా గోడతో పాటు దాని మీదా సున్నం వేసేవారు. తారు రంగు ఉంటే తీయాలనిపిస్తుంది, ఇసుకతో కొట్టి మాత్రం తీయొద్దు. మెత్తటి పీచు కొట్టుకుపోయి, గొడ్డలి గాట్లు, వడ్రంగి అంకెలు అన్నీ చెరిగిపోతాయి.

నిప్పు భయం అందరికీ ఉంటుంది. దళసరి ఓక్ మంటలో నిమిషానికి అర మి.మీ. చొప్పున బొగ్గవుతుంది, అరగంటకి సుమారు 15 మి.మీ. 250 మి.మీ. గుంజకి అది పెద్ద లెక్క కాదు. ప్రమాదమంతా వరస దుకాణాల కప్పు కింద అడ్డుగోడ లేకుండా సాగే ఖాళీలో ఉంది. ఒక దుకాణంలో అంటుకున్నది అక్కడికెక్కి మూడో దుకాణంలో దిగుతుంది.

అక్కడ స్థిరపడిన మనవాళ్ళు ఇలాంటి భవనంలో కొట్టో హోటలో పెడదామని లీజు తీసుకునేటప్పుడు ఒప్పందంలో మరమ్మతులన్నీ అద్దెకున్నవాడివే అనే షరతు ఉందేమో చూసుకోవాలి. ఉంటే ఆ పుచ్చిన అడుగుదూలం సంతకం పెట్టిన రోజునుంచీ మీదే. సంతకానికి ముందే భవనం ప్రస్తుత స్థితిని ఫొటోలతో, తేదీలతో రాయించి ఒప్పందానికి జతచేయించాలి. ఫేసియా పైనున్న సీసపు రేకు, స్టాల్‌రైజర్ వెనక అడుగుదూలం, కప్పు కింది ఖాళీ ఈ మూడింటి ఫొటోలు అందులో తప్పనిసరి. భవనం రక్షిత జాబితాలో ఉంటే 1990 చట్టం ప్రకారం దాని స్వరూపం మారే ఏ పనికైనా స్థానిక కౌన్సిల్ అనుమతి కావాలి. అనుమతి లేకుండా చేయడం నేరం. కొత్త బోర్డు, ఎండ ఆపే గుడ్డ చూరు, ఇనుప షట్టరు, వంటగది పొగగొట్టం కోసం గోడకి వేసే రంధ్రం కూడా ఇందులోకి వస్తాయి. పాతదాన్ని ఉన్నది ఉన్నట్టు బాగుచేస్తే తరచుగా అనుమతి అక్కర్లేదు, కానీ ఆ మాట కౌన్సిల్ పరిరక్షణ అధికారి నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాకే పలక విప్పండి.